ఒకటో తరగతికి మిగిలే టీచరు ఎవరు?

"మేడం, మావోడు మూడో తరగతి. అఆలన్నీ వచ్చు. గుణింతాలు గడగడా చెప్తాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం నోరు మెదపడు."

నెల్లూరు జిల్లా మెట్ట మండలాల్లో టీచరుగా పనిచేసినన్నాళ్లూ ఈ మాట వినని ఏడాది లేదు. చెప్పే తల్లికి అది పిల్లాడి బద్ధకంలా ఉంటుంది. కొత్తగా చేరిన టీచరుకు తల్లిదండ్రుల అశ్రద్ధలా ఉంటుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించేది. అక్షరాలు వచ్చిన పిల్లను చదివే పిల్లగా మార్చడం ఒక ప్రత్యేకమైన పని అనీ, అది ఎవరికీ పుట్టుకతో రాదనీ, ట్రైనింగ్‌లో సగమే వస్తుందనీ నాకు తెలియడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఆ పని బాగా వచ్చాక మనిషిని ఆ పనిలోనే ఉంచే ఏర్పాటు మన బడుల్లో లేదు. పిల్లల చదువు గురించి ఇన్ని చర్చలు జరుగుతాయి, ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

'నెల్లూరు' అని రాయాలంటే

అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, పసిబిడ్డ వేలు పట్టుకుని 'ఓం నమః శివాయ' దిద్దిస్తాం. ఓనమాలు అనే మాట అందులోంచే వచ్చింది. బిడ్డ మొదటి రాతలోనే సున్న ఉంది, విసర్గ ఉంది, గుడి ఉంది, దీర్ఘం ఉంది. దీవెనగా అది చాలా అందమైనది. పాఠంగా చూస్తే మన లిపిలోని కష్టాలన్నీ ఆ పళ్లెంలోనే కనిపిస్తాయి.

తెలుగుకు యాభై ఆరు అక్షరాలు అంటాం. పిల్ల నిజంగా గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. ఒక్క 'క' తీసుకుంటేనే క నుంచి కః దాకా పద్నాలుగు రూపాలు. ఇలా ప్రతి హల్లుకూ ఉన్నాయి. వాటి మీద ఒత్తులు. చాలా ఒత్తులు అసలు అక్షరంలాగే ఉంటాయి కాబట్టి పిల్ల ఊహించగలదు. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే ఉండదు. మనం ఎక్కువగా వాడేవి అవే. అమ్మలో మ ఒత్తు, అత్తలో త ఒత్తు, అన్నలో న ఒత్తు, పిల్లలో ల ఒత్తు. ఇంట్లో మనుషుల పేర్లు రాయాలన్నా ముందు ఆ గండం దాటాలి.

'నెల్లూరు' చూడండి. మూడక్షరాల ఊరి పేరు. అందులో ఎత్వం, ల ఒత్తు, కొమ్ము దీర్ఘం, కొమ్ము. 'మార్కాపురం' ఇంకా కష్టం. 'ర్కా'లో కంటికి ముందు కనిపించేది ర, దాని నెత్తిన దీర్ఘం, కింద క ఒత్తు. చదివేటప్పుడు ర తర్వాత క పలకాలి, దీర్ఘం క తర్వాత రావాలి. అంటే కన్ను చూసే వరస ఒకటి, నోరు పలికే వరస మరొకటి. పెద్దవాళ్లం ఇది గమనించం, మనకు అలవాటైపోయింది. ఆరేళ్ల పిల్ల దగ్గర కూర్చుని వేలు పెట్టి చదివిస్తే తెలుస్తుంది. 'మా... రా... కా...' అని ఆగిపోతుంది. ఆ పిల్ల తప్పు చదవలేదు. కంటికి కనిపించిన వరసలో చదివింది.

మనకు దగ్గర చుట్టమైన కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు 2007లో ప్రచురించిన అధ్యయనం ఇదే చెప్పింది. ఇలాంటి లిపుల్లో అక్షరాలు పట్టుబడడం ఒకటో తరగతితో అయిపోదు, పై తరగతుల దాకా సాగుతూనే ఉంటుంది. ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలు ఒక ఏడాదిలో ముగుస్తాయి కదా, మనదీ అలాగే ముగియాలి అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. ఒకటో తరగతి చివర 'అక్షరాలు పూర్తి' అని రిజిస్టరులో రాసి, రెండో తరగతిలో పెద్ద పాఠం మొదలుపెడతాం. పిల్ల అక్కడే వెనకబడిపోతుంది. ఆ తర్వాత ఎవరూ వెనక్కి వచ్చి చేయి పట్టుకోరు.

కూడబలుక్కోవడం దగ్గర ఏం జరుగుతుంది

కూడబలుక్కుని చదవడం అంటాం. 'ప... డ... వ...' అని పలికి, చివర 'పడవ' అనలేని పిల్లల్ని నేను వందల మందిని చూశాను. ఒక్కో అక్షరం గుర్తు తెచ్చుకోవడానికే బుర్ర అంతా ఖర్చవుతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరుపుకు వస్తుంది. అర్థం ఎక్కడి నుంచి వస్తుంది?

దీన్ని 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న లెక్కగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే రెండు శక్తుల గుణకారం. ఒకటి, రాతను మాటగా మార్చగలగడం. రెండోది, ఆ మాట వింటే అర్థం కావడం. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. ఈ ఒక్క ముక్క తెలిస్తే మన బడుల్లో సగం గందరగోళం విడిపోతుంది. గుణింతాలు గడగడా చెప్పే పిల్లకు మొదటిది సగమే వచ్చింది. కథలు బ్రహ్మాండంగా చెప్పే పిల్లకు రెండోది ఉంది, మొదటిది లేదు. ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు.

రెండో శక్తి విషయంలో మన జిల్లాల పరిస్థితి చాలామందికి తెలియదు. నెల్లూరులో పిల్లల్ని మేం పిలకాయలు అంటాం. ఎట్టా, అట్టా, యాడికి అంటాం. బడి పుస్తకంలో ఈ మాటలు ఒక్కటీ లేవు. అది చిన్న దూరమే, రెండు నెలల్లో పిల్ల దాటేస్తుంది. యానాదుల కాలనీ నుంచి వచ్చే బిడ్డకు, తడ, సూళ్లూరుపేట వైపు ఇంట్లో తమిళం మాట్లాడే బిడ్డకు, యర్రగొండపాలెం వైపు సుగాలి తండా నుంచి వచ్చే బిడ్డకు ఆ దూరం చాలా ఎక్కువ. 2020 తర్వాత ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఇంకో భాష ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలుగు లిపి కుదురుకోకముందే ఇంగ్లీషు కూడా బల్ల మీదికి వచ్చింది. ఇంగ్లీషు రావాలని తల్లిదండ్రులు కోరుకోవడంలో తప్పేమీ లేదు, నేనూ కోరుకుంటాను. అయితే ఒక భాషలో చదవడం పట్టుబడిన పిల్ల రెండో భాషకు ఆ నేర్పును వెంట తీసుకెళ్తుంది. ఏ భాషలోనూ పట్టుబడని పిల్ల రెండు పేజీల్లోనూ బొమ్మలే చూస్తుంది.

లెక్కల్లో అక్షరాస్యత

2011 జనాభా లెక్కల ప్రకారం నెల్లూరు జిల్లా అక్షరాస్యత 68.90 శాతం, ప్రకాశం 63.08 శాతం. ఈ అంకె ఏడేళ్లు పైబడిన వాళ్లందరిదీ కలిపి, ఇంట్లో వాళ్లు చెప్పిన మాటను బట్టి వేసింది. పక్కన కూర్చుని పుస్తకం చదివించి చూసింది కాదు. చదివించి చూసేది ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి వెలువరిస్తున్న అసర్ నివేదిక. దాని 2022 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 10.3 శాతం మంది. 2018లో అది 22.6 శాతం. ఐదో తరగతిలో అయితే 59.7 నుంచి 36.3కి పడింది. కరోనాకు బడులు మూతబడిన దెబ్బ ఇందులో స్పష్టంగా ఉంది. అయినా బడులు మూతబడకముందు కూడా మూడో తరగతిలో నలుగురిలో ముగ్గురికి పైగా చదవలేకపోయారని మర్చిపోకూడదు.

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని 2026-27 గడువు పెట్టింది. మూడో తరగతిలో నిమిషానికి అరవై మాటలు అర్థంతో చదవాలన్నది అందులో ఒక కొలత. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషులో మూడు మాటల్లో చెప్పేదాన్ని మనం 'వెళ్తున్నాను' అని ఒక్క మాటలో చెప్తాం. మన మాట పొడుగు, అందులో అక్షరాలు ఎక్కువ. కాబట్టి భాషాభాషకూ కొలత మారాలి. 2022లో ఇరవై భాషల్లో జరిపిన జాతీయ అధ్యయనం ఏ భాషకా భాషకు విడిగా కొలత కట్టింది అందుకే. మండల మీటింగుల్లో మాత్రం అరవై, అరవై అనే అంకె ఒక్కటే తిరిగేది. స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడితే పిల్లలకు టెన్షన్ తప్ప ఇంకేమీ రాదు.

రాత్రి బడి నేర్పింది

నేను చేరింది 1980లలో, స్పెషల్ టీచరుగా, నెలకు 398 రూపాయల జీతానికి. మమ్మల్ని '398 టీచర్లు' అనేవాళ్లు. పిల్లలకు చదువు ఎలా చెప్పాలో నేను నిజంగా నేర్చుకున్నది మాత్రం పెద్దవాళ్ల రాత్రి బడిలో.

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అంతా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ఊరూరా కళాజాతాలు, పాటలు, చీకటి పడ్డాక లైటు కింద పలకలు పట్టుకున్న ఆడవాళ్లు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది, సారా వల్ల కష్టాలపాలైన ఇల్లాలి కథ. పొలం నుంచి వచ్చి ఒళ్లు హూనమైన ఆడవాళ్లు ఆ పాఠం దగ్గర మాత్రం నిద్ర మర్చిపోయేవాళ్లు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూనే తరవాత ఏమైందో తెలుసుకోవాలని ఆత్రపడేవాళ్లు. మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు, వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, ఆ ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ చరిత్ర అందరికీ తెలిసిందే. టీచరుగా నాకు అందులో కనిపించింది ఇంకొకటి. చదివేదానిలో తన బతుకుంటే మనిషి కష్టమైన ఒత్తును కూడా వదలకుండా పట్టుకుంటుంది.

మర్నాడు పొద్దున ఒకటో తరగతిలో 'ఈగ', 'ఈటె' అని బోర్డు మీద రాస్తుంటే నాకే సిగ్గేసింది. ఈటెను ఆ పిలకాయలు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి వాళ్లు చెప్పిన మాటలే రాయడం మొదలుపెట్టాను. వల, పడవ, బర్రె, పాక, బాడవ. తర్వాత వాక్యాలు. 'మా బర్రె ఈనింది.' ఆ వాక్యం చెప్పిన పిల్ల పేరు పక్కన రాసేదాన్ని. తన పేరు, తన బర్రె గోడ మీద ఉంటే ఆ పిల్ల రోజుకు పదిసార్లు దాన్ని చదివేది.

ఉద్యమంలో నేర్పిన వలంటీర్లంతా జీతం లేకుండా చేశారు. ఉద్యమం చల్లారాక వాళ్లెవరూ ఆ పనిలో మిగల్లేదు. ఎక్కడ చదువు కొనసాగలేదో అక్కడ నేర్చుకున్న ఆడవాళ్లు మళ్లీ వేలిముద్రకు వెళ్లడం కూడా చూశాను. నేర్పే పనిని ఉత్సాహం మీద నడిపితే ఏమవుతుందో అప్పుడే అర్థమైంది.

ప్రకాశం వైపు కథ ఇంకా బాధాకరమైనది. మార్కాపురం పలకల ఊరు. అక్కడి కొండల్లో తవ్విన నల్లరాయి దేశమంతా పిల్లల చేతుల్లో పలక అయింది. ఆ పలకలు కోసి, అరగదీసి, చట్రం బిగించిన వాళ్లలో పిల్లలూ ఉన్నారు. 1988లో కేంద్రం బాలకార్మికుల కోసం జాతీయ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు మొదటి విడతలోనే మార్కాపురం పలకల పరిశ్రమను ఎంచుకుంది. పక్క జిల్లా బడిలో నేను పంచిన పలక ఏ పిల్ల చేతుల్లోంచి వచ్చిందో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒక గంటలో ఏం చేయాలి

మంచి చదువు టీచరు పని బయటికి పనిలాగా కనిపించదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు బోర్డు నిండా రాత, నోట్‌బుక్ నిండా ఎర్రటిక్కులు చూస్తారు. నేను పిల్లల మధ్య కింద కూర్చుని కథ చదువుతుంటే 'పాఠం ఎప్పుడు మొదలుపెడతారు' అని అడిగినవాళ్లున్నారు. అదే పాఠం. పెద్ద గొంతుతో, వేలితో వాక్యం చూపిస్తూ, రోజూ పది నిమిషాలు చదివితే గుణకారంలో రెండో అంకె పెరుగుతుంది. ఇంట్లో పుస్తకమే లేని బిడ్డకు ఆ పది నిమిషాలు తప్ప వేరే దారి లేదు.

మొదటి అంకె పెంచడం వేరే పని. వర్ణమాల వరసను పక్కన పెట్టి, ఎక్కువ వాడే అక్షరాలను ముందు తీసుకోవాలి. ప, వ, ష ఒకే వారం చెప్పకూడదు. ప కుదిరాక చాలా రోజులు ఆగి వ తేవాలి. ద, ధ, థ కూడా అంతే. నాలుగైదు అక్షరాలు రాగానే వాటితో మాటలు కట్టించాలి, యాభై ఆరూ వచ్చేదాకా ఆగకూడదు. ఒత్తులు ఒక పాఠంగా కాకుండా, అమ్మ అత్త అన్న లాంటి మాటలతో మొదటి ఏడాదే పరిచయం చేసి మూడేళ్లు తిరిగి తిరిగి రావాలి. గుణింతం పాటలాగా కంఠస్థం చేయిస్తే పిల్లకు పాట వస్తుంది. మధ్యలో 'కొ' చూపించి ఇదేంటి అంటే, మొదటి నుంచి క, కా, కి అని మెట్లెక్కుతూ వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్కొక్క పిల్ల చదువును విడిగా వినడం. పాతికమంది ఉంటే ఒక్కొక్కరికి రెండు నిమిషాలు అన్నా యాభై నిమిషాలు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులు ఒక్కరే చూస్తూ, మధ్యాహ్న భోజనం లెక్క రాస్తూ, యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తూ ఆ యాభై నిమిషాలు తీయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. నేను రోజుకు ఐదుగురిని వినేదాన్ని. వారానికి అందరూ అయ్యేవారు. ప్రతి పిల్లకూ ఒక పేజీ పెట్టి ఏ అక్షరం దగ్గర ఆగిందో రాసుకునేదాన్ని. తరగతిని బట్టి కాకుండా ఆ పేజీని బట్టి గుంపులు చేసేదాన్ని. అక్షరం దగ్గరున్నవాళ్లు, మాట దగ్గరున్నవాళ్లు, కథ దగ్గరున్నవాళ్లు. నాలుగో తరగతి పిల్లాడు మొదట్లో చిన్నవాళ్లతో కూర్చోవడానికి మొహమాటపడేవాడు. రెండు నెలల్లో గుంపు మారగానే ఆ మొహంలో వెలుగు చూడాలి.

మెట్ల నిచ్చెన ఎటు వెళ్తుంది

ఇక ఉద్యోగం సంగతి. ప్రాథమిక బడిలో టీచరు కావాలంటే ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈడీ శిక్షణ, తర్వాత టెట్ అనే అర్హత పరీక్ష, డీఎస్సీ అనే నియామక పరీక్ష. నెల్లూరు జిల్లాకు పల్లిపాడులో, ప్రకాశానికి మైనంపాడులో ఈ శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీలు ఉన్నాయి. డీఎస్సీకి ఎంపికైతే సెకండరీ గ్రేడ్ టీచర్, ఎస్‌జీటీ. 2018లో, హైస్కూలు టీచర్ల శిక్షణ అయిన బీఈడీ చేసినవాళ్లకు కూడా ఈ పోస్టులకు అర్హత ఇచ్చారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చిన్నపిల్లలకు నేర్పడం వేరే విద్య, పై తరగతుల శిక్షణ దానికి సరిపోదు అన్నది ఆ తీర్పు సారం. బీఈడీ చేసినవాళ్ల బాధ నాకు తెలుసు, మా బంధువుల్లోనే ఉన్నారు. అయినా ఆ తీర్పు సరైనదని నా నమ్మకం.

చిత్రమేమిటంటే, ప్రవేశం దగ్గర వేరే విద్య అని ఒప్పుకున్న వ్యవస్థ ప్రమోషన్ దగ్గర దాన్ని మర్చిపోతుంది. ఎస్‌జీటీకి డిగ్రీ, బీఈడీ ఉంటే సీనియారిటీ ప్రకారం స్కూల్ అసిస్టెంట్ అవుతుంది. అంటే హైస్కూలుకు వెళ్లిపోతుంది. పదిహేనేళ్లు కూర్చుని, ఏ పిల్ల ఎక్కడ ఆగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలిగే స్థాయికి వచ్చిన టీచరు, మర్నాటి నుంచి తొమ్మిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్తుంది. జీతం పెరుగుతుంది, గౌరవం పెరుగుతుంది, వద్దనడానికి ఎవరికీ మనసొప్పదు. ఆమె వదిలిన ఒకటో తరగతిలోకి నిన్న చేరిన మనిషి వస్తుంది, మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది. ఆ నేర్చుకునే కాలంలో చదువు పోగొట్టుకునేది పిలకాయలు.

ప్రాథమిక బడిలోనే ఉంచే ప్రమోషన్ ఒకటి ఉంది. ఎల్ఎఫ్ఎల్ హెడ్మాస్టర్. లో ఫిమేల్ లిటరసీ అని దాని పూర్తి పేరు. ఆడపిల్లల చదువు వెనకబడిన ఊళ్లను దృష్టిలో పెట్టుకుని పుట్టిన పోస్టు. ఆ పేరు అర్థం ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న చాలామందికే గుర్తులేదు. ఆ పోస్టును చదువు నేర్పడంలో అనుభవానికి ముడిపెట్టి, సంఖ్య పెంచి ఉంటే మన కథ వేరేలా ఉండేది. ఆ కుర్చీకి రికార్డుల పనే ఎక్కువైంది.

టీచరుగా కాకుండా ఈ పనిలో ఉండే దారులు మరికొన్ని ఉన్నాయి. క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు బడిబడికీ తిరుగుతారు, కాంట్రాక్టు మీద. స్వచ్ఛంద సంస్థల్లో ట్రైనర్లు ఉంటారు, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు. అంగన్‌వాడీ కార్యకర్త అందరికన్నా ముందు బిడ్డకు మాట నేర్పుతుంది, అందరికన్నా తక్కువ తీసుకుంటుంది. వీళ్లలో ఎవరికీ 'చదువు నేర్పే నిపుణులు' అనే హోదా లేదు. డాక్టర్లలో పిల్లల డాక్టర్ ఉన్నప్పుడు, టీచర్లలో మొదటి చదువు టీచర్ అనే గుర్తింపు ఎందుకు ఉండకూడదు? ఒకటి రెండు తరగతుల్లో గడిపిన ఏళ్లకు విడిగా ఇంక్రిమెంట్ ఇచ్చి, అక్కడే ఉంటూ పైస్థాయికి వెళ్లే వీలు కల్పిస్తే, నాకు తెలిసిన కనీసం అరడజను మంది హైస్కూలుకు వెళ్లేవాళ్లు కాదు.

నాకూ ప్రమోషన్ లిస్టులో పేరు వచ్చింది. రెండుసార్లు వదులుకున్నాను. మూడోసారి ఇంటి అవసరాలు ఒప్పుకోలేదు, వెళ్లాను. చివరి ఆరేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. ఎనిమిదో తరగతిలో వెనక బెంచీలో, కూడబలుక్కుంటూ చదివే పిల్లలు ప్రతి ఏడాదీ ఏడెనిమిది మంది ఉండేవాళ్లు. వాళ్లను సాయంత్రం ఆపి మళ్లీ 'పడవ' దగ్గర మొదలుపెట్టేదాన్ని. పదమూడేళ్ల పిల్లకు ఆరేళ్ల పాఠం చెప్పడం రెండింతల కష్టం, ఎందుకంటే ముందు సిగ్గు పోగొట్టాలి.

2025లో మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఎంపికైన ఒక అమ్మాయి, మా ఊరి పక్క బడిలో పోస్టింగ్ వచ్చాక, ఒకటో తరగతి ఇచ్చారని దిగులుగా మా ఇంటికి వచ్చింది. అటక మీద నుంచి పాత నోట్‌బుక్కులు దింపాను. ఒక పేజీ తెరిస్తే ఒక పిల్లాడి గురించి నా రాత. 'జులై: ప, వ తేడా తెలియదు. సెప్టెంబరు: వల చదివాడు. నవంబరు: వింజమూరు బస్సు బోర్డు చదివాడని వాళ్లమ్మ బడికొచ్చి చెప్పింది.' ఆ అమ్మాయి చాలాసేపు ఆ పేజీలు తిప్పింది. వింజమూరులో జ తర్వాత మూ ఉంది కదా, నవంబరుకే కొమ్ము దీర్ఘం ఎలా వచ్చిందాంటీ అని అడిగింది. నోట్‌బుక్కు ఆమె చేతికిచ్చి అక్టోబరు పేజీ తియ్యమన్నాను.